మిరియాలు వెయ్యని పొట్లం

పలెర్మో
ఏప్రిల్ 4

ఒసేయ్ ఒలీవా,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "అక్కా, షాపులో మనుషులున్నారే" అని పెట్టేస్తావు. కళ్ళద్దాలు కొనుక్కోవడానికొచ్చేవాళ్ళు నీ చెవులు కూడా కొనుక్కుపోతున్నారా ఏమిటి? అందుకే కాగితం పట్టాను. కాగితాన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా.

విషయం ఏమిటంటే, నాన్న బజారుకి బుట్ట తీయడం మానేశాడు.

నవ్వకు. నేను కూడా మొదట ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు. తెల్లారి లేస్తాడు, గడ్డం గీసుకుంటాడు, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. అంతే. కబేళా నుంచి ముక్కలు తెచ్చే మనిషి వచ్చి తలుపు కొడితే "ఇవాళ వద్దు" అంటాడు. మర్నాడూ అదే మాట. ఇంట్లో కొవ్వు కాగిన వాసన లేక నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. ఆ వాసన పోతే బాగుండునని పుట్టినప్పటి నుంచీ మొక్కుకున్నదాన్ని నేనే.

బల్లారో బజారులో అందరూ చెబుతున్నది ఇది. పోయిన నెలలో ఉత్తరాది నుంచి, మీ తొరీనో వైపు నుంచి, టూరిస్టులు కొందరొచ్చారట. గైడు కుర్రాడు వాళ్ళని నాన్న దగ్గరికి తీసుకొచ్చాడట. అందులో ఒకావిడ బుట్ట మీది గుడ్డ ఎత్తేసి ఫొటో తీసిందట.

గుడ్డ ఎత్తేసిందే! కన్నకూతుర్ని, నేనే ఇంతవరకూ ఆ గుడ్డ కింద చూసి ఎరగను. మా అమ్మ కూడా చూడకుండానే పోయింది. ఫ్రిత్తొలా అంటే అంతే కదా. నువ్వు అడుగుతావు, నాన్న గుడ్డ కిందికి చెయ్యి పోనిస్తాడు, ఆ చెయ్యి ఏది తీస్తే అది నీది. మనిషిని చూసి కదిలే చెయ్యది. ఆలివ్ కాయల సారోకి పళ్ళు లేవని మెత్తటి కొవ్వు ముక్క, నాకు కరకరలాడే మృదులాస్థి, నీకేమో మిరియాలు తగలని పొట్లం. చిన్నప్పుడు పొలమారి నీలంగా అయిపోయావని నీ పొట్లానికి మాత్రం ఒట్టి నిమ్మకాయే పిండేవాడు. ఎవరూ చూడరు, ఎవరూ ఏరుకోరు. నాన్న చేతిని నమ్మి తింటారు. చూశాక తినడానికి అందులో ఏముంది, దూడ ఎముకల మీంచి గీకిన ముక్కలు తప్ప?

ఇప్పుడు బజారంతా ఆటపట్టిస్తున్నారు. "ఏం గాస్పరే, మీ పెళ్ళికూతురి ముసుగు తీసేశారట గదా!" అని సారో. వాడి నోటికి తాళం లేదు. కానీ నాకు అర్థం కానిది వేరే ఉంది. నాన్న నోరు నీకు తెలుసుగా. ఎవడైనా బుట్ట మీదికి వంగితేనే వాడి తాతముత్తాతల్ని లేపి మరీ తిట్టే మనిషి. ఆ రోజు నోరు విప్పలేదట. ఒక్క మాట కూడా అనలేదట. ఎందుకంటావు?

నువ్వు ఆ మనుషుల మధ్య ఉంటున్నావు కాబట్టి అడుగుతున్నాను. వాళ్ళు అసలు ఎలాంటివాళ్ళే?

నీ అక్క
ఎంజా


తొరీనో
ఏప్రిల్ 15

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. పెదనాన్న గురించి చదివి చాలా బాధపడ్డాను. వయసు పైబడింది కదా, ఏదో ఒక రోజు మానెయ్యాల్సిందే. ఒక రకంగా మంచిదేనేమో. పొద్దున్నే ఆ పొయ్యి దగ్గర నిలబడటం, ఆ బరువు మోయడం, ఇంకెన్నాళ్ళని?

ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. తెలియక చేసి ఉంటారు. తెలియనివాళ్ళ మీద కోపం పెట్టుకుని ఏం లాభం?

ఇక్కడ ఇంకా చలిగానే ఉంది. షాపులో పని ఎక్కువ. పెదనాన్నకి ఉన్ని స్వెటరు పంపిస్తున్నాను, బూడిద రంగుది. కొలత సరిపోతుందనే అనుకుంటున్నాను, కొంచెం చిక్కాడు కదా. వేసుకోమని చెప్పు. వేసవిలో వీలు చూసుకుని రావడానికి ప్రయత్నిస్తాను.

ప్రేమతో
ఒలీవా


పలెర్మో
ఏప్రిల్ 27

ఒలీవా,

స్వెటరు అందింది. ఏప్రిల్లో పలెర్మోకి ఉన్ని స్వెటరు పంపే మనిషివి నువ్వొక్కదానివే. సముద్రం పక్కన చెమటలు కారిపోతున్నాయే ఇక్కడ.

అయినా సరే, నాన్నకి వేసి చూశాను. అతికినట్టు సరిపోయింది. నాన్న చిక్కాడని నేను నీకు రాయలేదు. ఫోనులో కూడా చెప్పిన గుర్తు లేదు. పోయిన శీతాకాలంలో చిక్కాడు. నువ్వు ఈ ఇంటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో మరి.

ఇంకొకటి. స్వెటరు పార్సిలు విప్పి ఇస్తున్నప్పుడు "ఒలీవా పంపింది నాన్నా" అన్నాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరాడు. తర్వాత, కిటికీలోంచి చూస్తూ, తనలో తను అనుకున్నట్టు అన్నాడు, "జుట్టు కత్తిరించేసుకుంది. మంచి జడ ఉండేది."

"ఎవరు నాన్నా?" అన్నాను. స్వెటరు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పెద్దపంతులమ్మ రాసినట్టు ఎంత చక్కగా రాశావో. బడిలో ఉన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి, ఇంటికొచ్చి ఇలాగే చక్కగా మాట్లాడేదానివి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే అలవాటు నీకు పోలేదు.

చెల్లీ, ఇప్పుడు నీ జుట్టు ఎంత పొడుగుంది?

ఎంజా


తొరీనో
మే 9

అక్కా,

చెవుల దాకా ఉంది. కత్తిరించుకుని రెండేళ్ళయింది.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ జవాబు మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇది చింపకుండా పోస్టు చేస్తానో లేదో నాకే తెలియదు.

మా షాపులో మేం నలుగురం ఆడవాళ్ళం. ప్రతి ఏడూ కలిసి ఎక్కడికో వెళ్తాం. ఈసారి ఒర్నెల్లా పలెర్మో అంది. ఒర్నెల్లా మంచిది అక్కా, నాకు జ్వరం వస్తే ఇంటికి పులుసు తెచ్చి పోసే మనిషి. "మీ ఊరే కదా ఒలీవియా, నువ్వే అన్నీ చూపించాలి" అంది. ఇక్కడ అందరూ నన్ను ఒలీవియా అనే పిలుస్తారు. నేనే అలా చెప్పుకున్నాను. ఇంకా చాలా చెప్పుకున్నాను. మా నాన్నకి మందుల షాపు ఉండేదని, సముద్రం ఒడ్డున ఇల్లని, నేను చిన్నప్పుడు పియానో నేర్చుకున్నానని. ఇదంతా చెప్పినప్పుడు ఈ ఊరికి కొత్తగా వచ్చాను. తర్వాత దిద్దుకోవడానికి సమయం రాలేదు, నేను రానివ్వలేదు.

నీకు చెప్పకుండా వచ్చాను. హోటల్లో దిగాను. మన వీధికి నడిచివెళ్ళేంత దూరంలో హోటల్లో పడుకుని, మన చర్చి గంటలు వింటూ, ఎవరి ఊరో అన్నట్టు ఉన్నాను.

బల్లారోకి వద్దని ఎన్నో సాకులు చెప్పాను. వాసన అన్నాను, జేబుదొంగలన్నాను. సొంత బజారుని దొంగల బజారన్నాను. వాళ్ళు గైడుని మాట్లాడుకున్నారు. ఇక తప్పలేదు.

అక్కడ మనం ఎలా నడుస్తాం? తల వంచుకుని, చేపల నీళ్ళలో జారకుండా రాళ్ళు చూసుకుంటూ నడుస్తాం. నేను తలెత్తి బాల్కనీలు చూస్తూ నడిచాను. కొత్తదాన్ని కదా! శనగపిండి బిళ్ళలు వేయించే మూల దగ్గర జారి పడబోయాను. పట్టుకున్నది ఎవరనుకున్నావు? సారో. "జాగ్రత్త మేడమ్" అన్నాడు. చిన్నప్పుడు నా గౌను జేబుల్లో ఆలివ్ కాయలు పోసిన సారో. గుర్తుపట్టలేదు. అమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

పెదనాన్న కార్మినె చర్చి మూలనే నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. కళ్ళ మీద పొర వచ్చిందని నువ్వు ఎప్పుడో చెప్పావు, అది నా ధైర్యం. గైడు కథంతా చెప్పి, ఎవరో పిలిస్తే పక్కకి వెళ్ళాడు. పెదనాన్న ఒక్కొక్కరికే తీసి ఇస్తున్నాడు. నిమ్మకాయ, మిరియాలు, కాగితం. ఒర్నెల్లాకి, మిగతా ఇద్దరికి, అందరికీ మిరియాలు చల్లాడు. నా దగ్గరికి వచ్చేసరికి మిరియాల డబ్బా మీదికి వెళ్ళిన చెయ్యి ఆగింది. ఒట్టి నిమ్మకాయ పిండి నా చేతిలో పెట్టాడు.

ఒర్నెల్లా అది చూసింది. "ఈవిడకి మిరియాలు మర్చిపోయారే" అంది నవ్వుతూ.

"ఈ అమ్మగారికి పడవేమో అనిపించింది" అన్నాడు పెదనాన్న. మన యాసలో కాకుండా బడి భాషలో, అక్షరం అక్షరం కూడదీసుకుని. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నన్ను అమ్మగారు అన్నాడు. నేను "థాంక్యూ అండీ" అన్నాను.

అంతవరకైనా సరిపెట్టుకోవచ్చు. తర్వాత ఒర్నెల్లా "లోపల ఏముందో చూడకుండా ఎలా తింటామే?" అని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ అంచు పట్టుకుంది. లాగేముందు నా వైపు చూసింది. లాగనా అని అడిగినట్టే చూసింది. "వద్దు" అంటే చాలు. వద్దు అంటే ఎందుకు వద్దని అడుగుతుంది, నీకెలా తెలుసని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఎత్తేసింది. ఎండ పడింది. ఎవరో ఛీ అన్నారు, ఎవరో నవ్వారు. పెదనాన్న చెయ్యి ఇంకా బుట్టలోనే ఉంది. మణికట్టు దాకా కొవ్వు, పాత కాలిన మచ్చలు. నేను కూడా ఆ చెయ్యి గుడ్డ కింద ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. ఆయన గుడ్డ ఎత్తినావిడ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడు ఏం చెయ్యమంటావమ్మా అని అడిగినట్టు చూశాడు.

నేను తల తిప్పుకుని బాల్కనీలు చూశాను.

ఒర్నెల్లా ఆ ఫొటో అచ్చు వేయించి షాపు వెనక గదిలో గోడకి పెట్టింది. మేం కాఫీ తాగే బల్లకి ఎదురుగా ఉంది. రోజూ చూస్తున్నాను.

నన్ను గుర్తుపట్టలేదని నీకు రాద్దామనుకున్నాను. నన్ను నేను అలాగే నమ్మించుకోవాలనుకున్నాను. కానీ ఆ పొట్లంలో మిరియాలు లేవు అక్కా. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు ఆ నిమిషమే తెలుసు.

ఒలీవా


పలెర్మో
మే 16

చదివాను.

మూడు రోజులు నీ మీద కోపంతో నాకు అన్నం సయించలేదు. బట్టల షాపులో ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. యజమానురాలు తిట్టింది. ఆ తిట్లు కూడా నీ ఖాతాలోనే వెయ్యి.

మందుల షాపా? మీ నాన్న, మా చిన్నాన్న, రేవులో మూటలు మోస్తూ పోయాడే. ఆయనకి నువ్వు కట్టిన సమాధి ఇదన్నమాట. పియానో సంగతి మాత్రం చదివి నవ్వొచ్చింది, అబద్ధం ఆడను.

నాన్నకి ఇదంతా చదివి వినిపించమంటావేమో. వినిపించను. కాగితం మీద క్షమాపణ ఎవరైనా చెబుతారు.

ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. కానీ నువ్వు అంతా రాశాక నేను దాచుకుంటే బాగుండదు. నాన్న ఎందుకు నోరు మూసుకున్నాడో నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ నోరు మూసింది నేనే.

రెండేళ్ళ కిందట నీ పుట్టినరోజుకి నాన్న మీ షాపుకి ఫోను చేశాడు, గుర్తుందా? ఎప్పటిలాగే బజారులో కేకేసినట్టు అరిచాడు. నువ్వు "రాంగ్ నంబరండీ" అని పెట్టేశావు. లైను సరిగ్గా లేదేమో అన్నాడు నాన్న. నాకు తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండి, నీ మీద కోపం నాన్న మీద చూపించాను. "అది అక్కడ గొప్పమనిషి అయిపోయింది నాన్నా. నువ్విలా కొవ్వు గొంతు వేసుకుని అరిస్తే దానికి పరువు తక్కువ. రేపు ఎప్పుడైనా వాళ్ళతో వచ్చినా, పేరు పెట్టి పిలిచి దాని పరువు తియ్యకు" అన్నాను. వెటకారానికి అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయని కూడా చూడలేదు.

ఆయన దాన్ని ఆజ్ఞలా పట్టుకున్నాడే. బుట్ట పరువు పోతున్నా నీ పరువు కాపాడాడు.

తప్పు నీది. కానీ నీ ఒక్కదానిదే అని రాస్తే నాకు నిద్ర పట్టదు.

ఎంజా


తొరీనో
జూన్ 2

అక్కా,

ఫొటో తీసేశాను. తీసేసి ఊరుకుంటే అదీ దొంగతనమే అనిపించింది. మధ్యాహ్నం కాఫీకి అందరూ కూర్చున్నాక చెప్పాను. ఆ బుట్టలో చెయ్యి నన్ను పెంచిన చెయ్యి అని చెప్పాను. మా నాన్న రేవులో కూలీ అని చెప్పాను. పియానో సంగతి కూడా చెప్పాను.

ఒర్నెల్లా తెల్లబోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. కానీ ఆమె ఏడ్చింది. "నీ వైపు చూశాను కదే! ఒక్క మాట చెప్పి ఉంటే ఎత్తేదాన్నా? ఆ పెద్దాయన దగ్గర నన్నెందుకు అలాంటిదాన్ని చేశావు?" అంది. ఆ కోణం నాకు తట్టనేలేదు. నా వల్ల ఆమె కూడా తప్పు చేసినదైంది.

రెండో శనివారం వస్తాను. నేనొక్కదాన్నే. పెదనాన్నకి ఒకటే చెప్పు. బుట్ట ఉన్నా లేకపోయినా నేను కార్మినె చర్చి మూలన నిలబడతాను. ఆయన రాకపోతే మధ్యాహ్నం బజారు కట్టేసే దాకా నిలబడి వెళ్ళిపోతాను.

నీ ఆ మాట గురించి నువ్వు బాధపడకు. రాంగ్ నంబరన్నది నేను.

ఒలీవా


తొరీనో
జూన్ 15

అక్కా,

తిరిగొచ్చేశాను. ఇంటికి రాకుండా వచ్చేసినందుకు నువ్వు మండిపడుతుంటావు. ఎందుకు రాలేదో చెబుతాను.

ఆయన వచ్చాడు. బుట్ట తెచ్చాడు. గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసినట్టు తెల్లగా ఉంది. ఆయన చుట్టూ ఎప్పటి జనమే, సారో కూడా ఉన్నాడు, "ఏం గాస్పరే, ఇవాళ సినిమా చూపిస్తావా?" అంటున్నాడు. నేను వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక చిన్నప్పుడు అరిచినట్టే అరిచాను.

"పెదనాన్నా, నాకూ పెట్టు!"

"ఎవరే ఈ మహాతల్లి?" అన్నాడు సారో.

"నేను ఒలీవాని. ఈయన తమ్ముడి కూతుర్ని. నువ్వు నా జేబుల్లో ఆలివ్ కాయలు పోసేవాడివి. మార్చిలో ఇక్కడ జారి పడబోయిన మేడమ్ కూడా నేనే. ఆ గుడ్డ ఎత్తినావిడని తెచ్చింది నేనే. వద్దనకుండా నిలబడింది నేనే. ఇక మా పెదనాన్నని ఏమీ అనకండి, అనాలంటే నన్ను అనండి" అన్నాను.

సారో టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "వామ్మో, అచ్చం గాస్పరే నోరే" అని మాత్రం అన్నాడు.

పెదనాన్న గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు వెతికాడు. కాగితంలో పెట్టాడు, నిమ్మకాయ పిండాడు. తర్వాత మిరియాల డబ్బా తీసుకుని, నా కళ్ళలోకి చూస్తూ, వేశాడు. ఎవరికీ వెయ్యనంత వేశాడు. ముక్కలు నల్లబడేదాకా వేశాడు. నా చేతిలో పెట్టి, "తర్వాత ఎవరయ్యా?" అన్నాడు.

నాకు అర్థమైంది. వేరే మనిషిలా వచ్చినప్పుడు నన్ను ఇంటి పిల్లలా చూశాడు. ఇంటి పిల్లనని చెప్పుకున్నాక అందరిలో ఒకదాన్ని చేశాడు. న్యాయమే. అక్కడే నిలబడి చివరి ముక్క దాకా తిన్నాను. గొంతు మండింది, ముక్కు కారింది, కళ్ళనిండా నీళ్ళు. ఎవరో పాపం మంచినీళ్ళు ఇచ్చారు. ఆ మొహంతో మీ గుమ్మం ఎక్కలేక స్టేషనుకి వెళ్ళిపోయాను.

నేను దానికే తగినదాన్ని. కోపంగా ఉందని మాత్రం అనుకోకు. బుట్ట బయటికి వచ్చింది, అది చాలు.

ఒలీవా


పలెర్మో
జూన్ 21

ఒసేయ్ తెలివితక్కువదానా,

సార్డీన్ చేపలతో పాస్తా చేసి, మూడు కంచాలు పెట్టి, సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడ్డానే నీ కోసం! నాన్న బుట్ట ఖాళీ చేసుకుని వచ్చి, మూడో కంచం చూసి, "ఇంకా రాలేదా?" అన్నాడు. ఆ మనిషి బజారు నుంచి వస్తూ నీకు ఇష్టమని చెర్రీ పళ్ళు కూడా తెచ్చాడు. వాటిని మేమే తిన్నాం. నీకు మిగల్చలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈసారి వినిపించొచ్చనిపించింది. నోరు తెరుచుకుని విన్నాడు. మిరియాల దగ్గరికి వచ్చేసరికి "ఏంటీ, ఏంటీ, మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. నుదురు కొట్టుకున్నాడు.

"పిచ్చిమొద్దు! శిక్ష అనుకుందా? అంత చదువు చదివి ఏం లాభం? ఆ మాటలన్నీ అంటున్నప్పుడు దాని కింది పెదవి ఎలా వణుకుతోందో చూశాను. చిన్నప్పటి నుంచీ అంతే, ఆ పెదవి వణికిందంటే వెనకాలే వాన. బజారు నడిమధ్యలో, సారోగాడి ముందు, అందరి ముందు ఏడుస్తుంది పిల్ల. ఊరికే ఏడిస్తే రేపటి నుంచి అదే చెప్పుకుంటారు. మిరియాలు ఎక్కువైతే ఎవడికైనా కళ్ళనీళ్ళొస్తాయి కదా. అందుకని వేశా. అయినా తినమని ఎవడన్నాడు? చేతిలో పట్టుకుని ఏడిస్తే సరిపోయేది!"

చూశావా? నువ్వు చేసిందంతా చేశాక కూడా, బుట్ట దగ్గర నిలబడి ఆయన ఆలోచించింది నీ పరువు గురించే.

నేను పొయ్యి వైపు తిరిగి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. వంటకి ఉల్లిపాయల అవసరమే లేదు.

కబేళా మనిషి మళ్ళీ రోజూ వస్తున్నాడు. ఇల్లంతా కొవ్వు వాసన, కర్టెన్లకి కూడా పట్టింది, నా ప్రాణం తీస్తోంది. స్వెటరు మాత్రం ఈ ఎండల్లో కూడా కుర్చీ వీపు మీద వేసుకుని కూర్చుంటున్నాడు.

ఒర్నెల్లాని కూడా తీసుకురమ్మన్నాడు. గుడ్డ జోలికి మాత్రం రావద్దని చెప్పమన్నాడు. ఇంకొకటి కూడా రాయమన్నాడు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"ఈసారి బజారుకి కాదు, తిన్నగా ఇంటికి రమ్మను. ఇంట్లో మిరియాలు అక్కర్లేదు."

ఎంజా